రుద్రమ కోటల మా అమ్మ ఎతికిన మనుషులు

మాది జనగామ జిల్లా, పాలకుర్తి దిక్కు ఒక ఊరు. ఊరు అనుడు అలవాటైంది గానీ మాది ఊరు కాదు, ఊరవతల మాదిగ వాడ. మా నాయిన మోట బొక్కెనలు కుట్టిండు, చెప్పులు కుట్టిండు, ఊర్లె పెండ్లయినా పీనుగు లేచినా డప్పు కొట్టిండు. మా అమ్మ పదేండ్ల వయసు నుంచి దొర గడీల పెండ తీసింది, వాకిలి ఊడ్చింది. మా ఇంట్ల నాకంటే ముందు ఎవరూ బడికి పోలే. నేను డిగ్రీ చదివి, బీఎడ్ చేసి, 2012 డీఎస్సీల సోషల్ టీచర్‌గ వచ్చిన. మొదటి పోస్టింగు మానుకోట దిక్కు. అప్పటికి అదంతా వరంగల్ జిల్లానే. 2016 అక్టోబర్‌ల జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు వేరు జిల్లాలయినయి. 2022ల 317 జీవో కేటాయింపుల్ల నేను భూపాలపల్లి జిల్లాకు వచ్చిన.

ఈ మూడు జిల్లాల్లో నేనెక్కడికి పోయినా నాకంటే ముందు అక్కడ కాకతీయులున్నరు. పాలకుర్తిల బసవ పురాణం రాసిన సోమనాథుడు మా ఊరోడే అని అందరూ చెప్పుకుంటరు. మహబూబాబాద్ జిల్లా బయ్యారంల గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువుంది. ఆమె వేయించిన శాసనంలనే కాకతీయుల వంశం మొత్తం తాత ముత్తాతల కాంచి వరుసగా దొరుకుతది. భూపాలపల్లి జిల్లా గణపురంల కోటగుళ్లున్నయి, గణపసముద్రం ఉంది. పిల్లలకు పాఠం చెప్పాలంటే నేను దూరం పోవాల్సిన పని లేదు. బడి కిటికీల నుంచి చెయ్యి చాపితే చరిత్ర తగుల్తది. అయితే ఆ చరిత్రల మేమెక్కడున్నం అన్నది కిటికీల నుంచి కనపడదు.

2015 అక్టోబర్ 9 నాడు గుణశేఖర్ తీసిన 'రుద్రమదేవి' సినిమా వచ్చింది. బతుకమ్మ పండుగ ముంగట. తెలంగాణ ప్రభుత్వం దానికి వినోదపు పన్ను మినహాయింపు కూడా ఇచ్చింది. మన ఓరుగల్లు రాణి కథ అని ఊర్లకు ఊర్లే కదిలినయి. అనుష్క రుద్రమ, కృష్ణంరాజు గణపతిదేవుడు, ప్రకాశ్‌రాజ్ శివదేవయ్య, అల్లు అర్జున్ గోన గన్నారెడ్డి, రానా చాళుక్య వీరభద్రుడు. తోట తరణి కోటలు కట్టిండు, ఇళయరాజా సంగీతం పెట్టిండు. అప్పుడు మా అమ్మ నా దగ్గర ఉండె. ఆమె టాకీసుల చూసిన సినిమాలు చేతి వేళ్ల మీద లెక్క. మానుకోటల టిక్కెట్లు తీసుకొని ఇద్దరం పోయినం.

నిజం చెప్పాలంటే సినిమాల కొన్ని చోట్ల నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మగపిల్లలు లేరని బిడ్డను కొడుకులాగ పెంచిన్రు. ఆడపిల్ల అని తెలిస్తే సామంతులు సింహాసనం మీద కూసోనియ్యరు. కాబట్టి ఆమె తన దేహాన్ని దాచుకోవాలె, గొంతు మార్చుకోవాలె, ఎప్పుడు బయటపడుతదో అని భయపడుకుంట బతకాలె. శాసనాల్ల కూడా ఆమెను రుద్రదేవ మహారాజు అనే రాసిన్రు. మా తమ్ముడు హైదరాబాద్‌ల ఇల్లు కిరాయికి తీసుకున్నప్పుడు ఓనరు "మీరేమిటోళ్లు?" అని అడిగితె వేరే కులం పేరు చెప్పిండు. మూడేండ్లు ఆ ఇంట్ల మా ఇంటి పేరు పలకలే. మా అమ్మ పోయినప్పుడు కూడా ఎక్కువ మాట్లాడకు అని ముందే చెప్పిండు, మాట వింటే కులం తెలుస్తదని. రుద్రమ అద్దం ముంగట నిలబడి కవచం తొడుక్కుంటుంటె నాకు మా తమ్ముడు యాదికొచ్చిండు. పుట్టుకను దాచుకొని బతుకుడంటే ఏందో మా వాడల ఎవరికీ విడమర్చి చెప్పనక్కర లేదు. అందుకే ఆ సినిమా మీద నాకు పగ లేదు. ఒక ఆడమనిషి ఏనుగెక్కి యుద్ధం చేస్తే నా బడి ఆడపిల్లలు చప్పట్లు కొట్టిన్రు. అది చిన్న సంగతేం కాదు.

సినిమా అయినంక బస్టాండు దాకా నడిచినం. మా అమ్మ చాలాసేపు మాట్లాడలే. తర్వాత అడిగింది: "అందరూ దొర్లే ఉన్నరేందే బిడ్డా! పనోళ్లేరి?"

"సైనికులున్నరు గదనే" అన్న.

"సైనికులు గాదు. అన్ని గుర్రాలున్నయి, ఆ జీనులెవరు కుట్టిన్రు? యుద్ధంల అన్ని గుర్రాలు సచ్చినయి, ఏనుగులు సచ్చినయి. తెల్లారి వాటిని ఈడ్సింది ఎవరు? గంత పెద్ద కోట పొద్దుగాల ఎవరూడ్సిన్రు?"

నేను బీఏల చరిత్ర చదివిన. కాకతీయుల పాలన మీద పది మార్కుల ప్రశ్నకు ఆరు పేజీలు రాసిన. నాయంకర వ్యవస్థ రాసిన, చెరువులు రాసిన, మోటుపల్లి అభయ శాసనం 1244 అని అండర్‌లైన్ చేసిన. చచ్చిన గుర్రాన్ని ఎవరు ఈడ్చిన్రు అని నన్ను ఏ పరీక్షా అడగలే. అక్షరం రాని మా అమ్మ అడిగింది. ఎందుకంటే చచ్చిన గొడ్డును ఈడ్చుడేందో ఆమెకు తెలుసు. మా తాత ఈడ్చిండు, మా నాయిన ఈడ్చిండు. ఆ తోలు ఊనిండు, ఆ తోలుతోనే ఊరి మోట నడిచింది, ఊరి కాళ్లకు చెప్పులైనయి.

అప్పట్నుంచి నేను ఆ సినిమాను పది రకాలుగా ఆలోచించిన. తెర మీద పేరున్న మనిషంటే రాజు, రాణి, సామంతుడు, సేనాని, మంత్రి, గురువు. మిగిలినోళ్లంతా గుంపు. గుంపుకు పేరుండదు, ఇల్లుండదు, కులముండదు. రాణి గెలిస్తే జై కొడతది, రాణికి కష్టమొస్తే ఏడుస్తది. మా వాడ జనం శతాబ్దాల కొద్దీ చేసిన పనిని ఇంత కుదించిన్రు: జై కొట్టుడు, ఏడ్చుడు.

యాస సంగతి కూడా చెప్పాలె. ఆ సినిమాల తెలంగాణ మాట మాట్లాడింది గోన గన్నారెడ్డి ఒక్కడే. ఆ మాటకు టాకీసుల విజిల్సు పడ్డయి. నాకూ సంతోషమైంది. అంతకు ముందు మన యాస రౌడీకో, నవ్వించెటోనికో పెట్టెటోళ్లు. ఇప్పుడు ఒక వీరునికి పెట్టిన్రు. కానీ ఓరుగల్లును ఏలిన రుద్రమ నోట్లె మాత్రం ఆ మాట పెట్టలే. సింహాసనం మీద కూసుంటె పుస్తకం భాష, అడివిల తిరిగితే మన భాష. గద్దె మీద ఏ భాష ఉండాలె, గద్దె బయట ఏ భాష ఉండాలె అన్న లెక్క మన బడుల్ల, ఆఫీసుల్ల ఎట్లుందో సినిమాల కూడా అట్లనే ఉంది.

ఈ మాట అంటే కొందరు సార్లు నాతో వాదించిన్రు. "మేడమ్, చరిత్రల ఆధారం ఉండాలె గద. మీవాళ్లున్నట్టు శాసనాలేమన్నా ఉన్నయా?" అని. మంచిది, ఆధారాలే మాట్లాడుదాం.

మొదటిది, కాకతీయులను కొన్ని శాసనాలు నాలుగో కులంల పుట్టినవాళ్లనే చెప్తయి. ఇంకొన్ని సూర్యవంశం అంటయి. అంటే రాజు కులం కూడా రాసెటోని చేతిలనే ఉన్నది. రెండోది, మా పాలకుర్తి సోమనాథుడు బసవ పురాణంల మాదార చెన్నయ్య కథ చెప్పిండు. చెన్నయ్య తోలు పని చేసెటోడు, శివునికి అంబలి పెట్టిన భక్తుడు. మడివాలు మాచయ్య కథ చెప్పిండు, ఆయన బట్టలుతికెటోడు. ఆ కాలంల మావాళ్లు లేకపోతే ఈ కథలెట్ల పుట్టినయి? మూడోది, వినుకొండ వల్లభరాయని పేరు మీదున్న క్రీడాభిరామం. అందులో ఓరుగల్లు వీధులున్నయి. ఆ వీధుల్ల బవనీలు జమిడిక వాయించుకుంట ఎల్లమ్మ కథ, పరశురాముని కథ చెప్తరు. మా దిక్కు ఇప్పటికీ బైండ్లోళ్లు జమిడిక పట్టుకొని ఎల్లమ్మ పట్నమేస్తరు. కాకతీయుల రాజధానిల మోగిన వాద్యం మా వాడల ఇంకా మోగుతున్నది. కోట్లు పెట్టి కట్టిన ఆ సినిమా ఓరుగల్లుల నాకు జమిడిక ఎక్కడా వినపడలే.

నాలుగోది నాకు అన్నింటి కంటే ముఖ్యం. రుద్రమ ఎట్ల చనిపోయిందో చాలా కాలం ఎవరికీ తెల్వదు. నల్లగొండ జిల్లా చందుపట్లల ఒక శాసనం దొరికింది. అది 1289 నవంబర్ నాటిది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం పోయిన్రని, వాళ్ల పుణ్యం కోసం దేవునికి భూమి ఇస్తున్నమని అందుల ఉన్నది. ఆ శాసనం వేయించింది రాజు కాదు, మహామంత్రి కాదు, రాజగురువు కాదు. మల్లికార్జున నాయకుని బంటు, పువ్వుల ముమ్మడి. కాకతీయ సామ్రాజ్యాన్ని ఏలిన రాణి చావు కబురు ఏడు వందల ఏండ్లు దాటి మనకు అందింది అంటే ఒక బంటు రాయించిన రాయి వల్ల అందింది. సినిమా తీయాలంటే ఇంతకంటే మంచి కథ ఏముంటది? రాణిని బంటు కండ్ల తోటి చూపిస్తే ఎంత బాగుండు! కానీ సినిమా కథను మనకు చెప్పనీకె ఇటలీ నుంచి మార్కోపోలోను తెచ్చుకున్నది.

ఇంకొక మాట. ఆధారాలు కావాలన్నోళ్లను నేను ఒక్కటే అడుగుత. ఆ సినిమాల పాటలున్నయి, కత్తి యుద్ధాలున్నయి, ప్రేమలున్నయి. అవన్నీ ఏ శాసనం చూసి రాసిన్రు? రాజులకు ఆధారం లేకపోతే ఊహ పనికొస్తది. మాకు మాత్రం రాగి రేకు కావాల్నా? కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్లు పని అని లెక్క రాసిన్రు. ఆ వెయ్యి మందిల ఒక్కని పేరు లేదు. పేరు రాయకుండ పెట్టిందీ వాళ్లే, ఇప్పుడు పేరేది అని అడిగేదీ వాళ్లే. 2015లనే మిషన్ కాకతీయ అని చెరువులకు కాకతీయుల పేరు పెట్టి పూడికలు తీసిన్రు. మా అమ్మ ఉపాధి హామీల తట్ట మోసిన చెరువు కట్ట మీద కూడా ఆమె పేరు లేదు, మస్టర్ రోల్ల వేలిముద్ర ఉన్నది.

ఇదంతా సినిమా ముచ్చటే గద, వదిలేయొచ్చు గద అనుకుంటరేమో. వదిలేయొద్దని నాకు బడిల తెలిసింది. 2018 ఫిబ్రవరిల నేను పనిచేస్తున్న బడిల వార్షికోత్సవానికి రుద్రమదేవి నాటకం వేద్దామన్నరు. తొమ్మిదో తరగతిల ఒక పిల్ల ఉండె. మాదిగ పిల్ల. పొడుగు మనిషి, గొంతు విప్పితే గ్రౌండు అవతలికి వినపడతది. "నేను రుద్రమ అయిత టీచర్" అని ముందుకొచ్చింది. స్టాఫ్‌రూముల ఒకాయన నవ్విండు. "రాణికి కొంచెం కళ ఉండాలె గద మేడమ్, ఆ పిల్లకు చెలికత్తె వేషం ఇయ్యున్రి" అన్నడు. కళ అంటే ఏందో మనకు తెలుసు. నలుపు కాదు, మాదిగ కాదు, అదే కళ.

నేను పిల్లలందరి ముంగట పోటీ పెట్టిన. నలుగురు ఆడపిల్లలు ఒకే మాటలు చదివిన్రు. క్లాసు పిల్లలే చేతులెత్తి ఈ పిల్లను ఎన్నుకున్నరు. పంచాయితీ అక్కడ తెగలే. రిహార్సల్ మొదలైంది. సామంతులు వరుసగా వచ్చి రాణికి వంగి దండం పెట్టాలె. ముగ్గురు పిల్లగాండ్లు వంగలే. నిలబడి నేల చూసిన్రు. తెల్లారి ఒకని తండ్రి బడికొచ్చిండు. "నాటకమే కావచ్చు మేడమ్, మా పిలగాడు ఆ పిల్లకు వంగుడేంది?" అని అడిగిండు. హెడ్‌మాస్టరు నన్ను పిలిచి, దండాలు తీసెయ్యి, గొడవెందుకు అన్నడు. దండాలు తీసేస్తే నాటకం కూడా తీసెయ్యున్రి సార్, దండం లేని రాణి ఎక్కడుంటది అన్న. ఆయన చాలాసేపు ఆలోచించి మీ ఇష్టం అన్నడు. ముగ్గురు పిల్లగాండ్లు మానుకున్నరు. వాళ్ల వేషాలకు ఆడపిల్లలే వచ్చిన్రు, మీసాలు పెట్టుకున్నరు. రుద్రమ కొలువంతా ఆడపిల్లలే. మా పిల్ల సింహాసనం మీద కూసుంటె, వెనుక నిలబడ్డ మాదిగ వాడ ఆడోళ్లు ఊకె లేచి ఊకె కూసున్నరు, కనపడతలేదని. ఆ తర్వాత రెండేండ్లు వార్షికోత్సవం పని నాకియ్యలే. ఆ పిల్ల ఇప్పుడు నర్సింగు చదివి వరంగల్‌ల పని చేస్తున్నది.

అప్పుడు నేను పి.కె. రోజీ గురించి చదివిన. 1928-30 నాటి సంగతి. మలయాళంల మొదటి సినిమా 'విగతకుమారన్' తీసిన జె.సి. డేనియల్, దళిత స్త్రీ రోజీని హీరోయిన్‌గ పెట్టిండు. ఆమె వేసింది నాయర్ స్త్రీ వేషం. తిరువనంతపురంల సినిమా చూసిన అగ్రకులాలోళ్లు తట్టుకోలేకపోయిన్రు. దళిత మనిషి నాయర్ ఇల్లాలుగ కనపడుడేందని తెర మీద రాళ్లేసిన్రు. ఆమె ప్రాణం దక్కించుకొని తమిళ దేశం పారిపోయింది, మళ్ల సినిమాల కనపడలే. మన దగ్గర 1938ల 'మాలపిల్ల' వస్తే మాలపిల్ల వేషం వేసింది కాంచనమాల. వాళ్లు మా వేషం వేస్తే సంస్కరణ, మేం వాళ్ల వేషం వేస్తే రాళ్లు. రోజీకి మా బడికి తొంభై ఏండ్ల దూరం. ఆ ముగ్గురు పిల్లగాండ్ల నడుము మాత్రం అప్పటి లెక్కనే బిగుసుకొని ఉన్నది.

వేరే దేశాల్ల ఈ పంచాయితీ ఎట్ల తెగుతున్నదో కూడా మనం చూడాలె. 2013ల అమ్మా అసాంతే అనే నల్లజాతి దర్శకురాలు 'బెల్' అని సినిమా తీసింది. ఆమె తల్లిదండ్రులు ఘనా నుంచి ఇంగ్లండు వచ్చినోళ్లు. డైడో ఎలిజబెత్ బెల్ అనే ఆమె 18వ శతాబ్దంల లండన్‌ల ఒక ప్రభువు ఇంట్ల పెరిగింది. తల్లి బానిస, తండ్రి నౌకాదళం అధికారి. ఆమె, ఆమె అక్క వరుస తెల్లపిల్ల కలిసున్న ఒక బొమ్మ దొరికింది. చాలా కాలం ఆ బొమ్మల నల్లపిల్లను పనిమనిషి అనే అనుకున్నరు. ఆ బొమ్మను సరిగ్గ చూసి సినిమా తీసింది ఒక నల్లమనిషి. చూసే కన్ను మారితే ఆధారం దానంతట అదే బయటికొస్తది. మా పువ్వుల ముమ్మడి రాయి కూడా అట్లాంటి బొమ్మనే. చూసెటోళ్లు కావాలె.

మన దగ్గర అట్లాంటి చూపు అసలు లేదని అనను. 1988ల బి. నర్సింగరావు 'దాసి' తీసిండు. అర్చన కమలాక్షి వేషం వేసింది, జాతీయ ఉత్తమ నటి అయ్యింది. దొరసానితోని అరణంగ వచ్చిన దాసి ఆమె. ఆ సినిమాల గడీ ఉంటది, దొర ఉంటడు, దొరసాని ఉంటది. కానీ మనం గడీని కమలాక్షి ఊడ్చిన వాకిట్ల నుంచి చూస్తం. నేను మా అమ్మకు టీవీల ఆ సినిమా చూపిస్తే ఆమె సగంల లేచి పోయింది. "గిది నాకెందుకు సూపెడ్తవే, నేను సూసిందే గద" అన్నది. విసునూరు దేశ్‌ముఖ్ ఏలిన నేల మాది. పాలకుర్తిల చాకలి ఐలమ్మ తన చేను మీద పంటను తనే ఇంటికి తెచ్చుకున్న నేల. కడవెండిల 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన నేల. గడీ అంటే మాకు సెట్టింగు కాదు.

తమిళంల పా. రంజిత్ 2024ల 'తంగలాన్' తీసిండు. కోలారు బంగారు గనులు మా మనుషుల నెత్తురుతోని ఎట్ల తవ్వబడ్డయో దళితుడే దర్శకుడై చెప్పిండు. తెలుగుల అట్లాంటి చారిత్రక సినిమా కోసం నేను చూస్తనే ఉన్న.

నేను అడిగేది రుద్రమను మాదిగను చేయమని కాదు. సింహాసనం వెనుక నల్లమొకం ఒకటి నిలబెట్టి, మిమ్మల్ని కూడా పెట్టినం గద అంటే తృప్తి పడుడు కూడా కాదు. కోట అంటే పని అని చూపియ్యమంటున్న. తోలు ఊనిన చెయ్యి, తూము ఎత్తి నీళ్లు పారిచ్చిన నీరటి, రాయి మోసిన వడ్డెర, జమిడిక పట్టిన బైండ్లాయన, వీళ్లు లేకుంటే కాకతీయుల రాజ్యం ఒక్క పూట నడవదు. వాళ్లకు పేర్లుండాలె, కడుపులుండాలె, కోపాలుండాలె. ఆ కథ రాసేటప్పుడు మావాళ్లు బల్ల దగ్గర ఉండాలె, ఆ వేషాలు వేసేటప్పుడు మావాళ్లు తెర మీద ఉండాలె. రాణి వేషానికి కూడా ఉండాలె.

2023ల ఎనిమిదో తరగతి పిల్లలను గణపురం కోటగుళ్లకు తీసుకపోయిన. ఒక పిలగాడు స్తంభం మీద చెయ్యి పెట్టి, "టీచర్, ఇది కట్టినప్పుడు మనోళ్లను లోపటికి రానిచ్చెటోళ్లా?" అని అడిగిండు. వానికి నేను జవాబు చెప్పలే, పని చెప్పిన. ప్రతి ఒక్కరూ ఇంటికి పోయి మీ తాతను, నాయనమ్మను అడుగున్రి. వాళ్ల తాతలు ఏ పని చేసిన్రు, ఆ పనికి ఏ పనిముట్టు పట్టిన్రు, దాన్ని ఏమని పిలుస్తరు, ఎవరి దగ్గర నేర్చుకున్నరు, కూలి ఏమిచ్చెటోళ్లు, రాసుకొని రాండ్రి అన్న. ఆరెతో తోలు కుట్టుడు రాసిన్రు, రంపెతో చెక్కుడు రాసిన్రు, తంగేడు చెక్కతోని తోలు ఊనుడు రాసిన్రు, తూము కాడ కాపలా పండుకునుడు రాసిన్రు. తెల్వని మాటలకు బొమ్మలు గీసుకొచ్చిన్రు. ప్రతి ఏడూ కొత్త పిల్లలతోని అదే రాయిస్తున్న.

ఇప్పుడు నా దగ్గర అట్లాంటి నోటుబుక్కులు ఒక బీరువా నిండ ఉన్నయి. కాకతీయుల మీద మళ్ల సినిమా తీస్తమనెటోళ్లు ఎవరన్నా ఉంటే రాండ్రి, చదువుకోండ్రి. పైసలేం అడగ. రాసిన పిల్లల పేర్లు, చెప్పిన తాతల పేర్లు మాత్రం తెర మీద పడాలె.